తప్పిపోయిన అర నిమిషం

క్యాసెట్ల షాపు మూతపడి, దాని యజమాని కాలం చేసి, ఉద్యోగం పోతుందన్న భయానికి ఇక చోటే లేకుండా పోయాక కూడా, అన్నయ్యతో ఆ ఒక్క మాట చెప్పడానికి మిషనక్కకి ఇంకో ముప్పై అయిదేళ్ళు ఎందుకు పట్టింది? ఆవిణ్ణి ఎరిగినవాళ్ళు తలా ఒక కారణం చెబుతారు. భయం అంటారు, సిగ్గు అంటారు, ఉత్త బద్ధకం అన్నవాళ్ళూ ఉన్నారు. ఆవిడనే అడిగితే "ఏమో" అంటుంది. ఆ ఏమోలో దాపరికమేమీ ఉండదు. నిజంగానే ఏమో. జవాబు ఇప్పటికీ దొరకలేదు. చివరికి ఆ మాట ఎలా బయటపడిందన్నది మాత్రం చెప్పవచ్చు.

మిషనక్క అంటే కుట్టు మిషన్లు బాగుచేసే అక్క. మెట్ల కింద పది అడుగుల గది ఆవిడ షాపు. గోడ నిండా మేకులు, మేకుల నిండా బెల్టులు. తోలువి, రబ్బరువి, వేలెడంతవి, మూరెడంతవి, సైజు వారీగా. గదిలో ఎప్పుడూ మిషను నూనె వాసన. ఎవరైనా మిషను తెచ్చి, "అక్కా, ఇది మొన్నటి నుంచి..." అని మొదలుపెడితే, "నువ్వు కాసేపు ఊరుకో, దాన్ని మాట్లాడనీ" అనేది. చక్రం రెండు సార్లు తిప్పి, చెవి దగ్గర పెట్టి వినేది. జబ్బు ఎక్కడుందో చాలాసార్లు మూత విప్పకుండానే చెప్పేసేది. పెళ్ళెందుకు చేసుకోలేదని అడిగిన వాళ్ళతో "మిషన్లు ఒప్పుకోలేదు" అనేది. రెండోసారి ఎవరూ అడిగేవాళ్ళు కాదు.

ఒక సోమవారం పొద్దున, ఇంకా షట్టరు పూర్తిగా ఎత్తకముందే, ఒక అమ్మాయి గుండెలకి ఏదో పెట్టె హత్తుకుని వచ్చి నిలబడింది. సెంట్రల్ లైబ్రరీలో పాత టేపులూ రికార్డులూ చూసుకునే అమ్మాయి. పెట్టెలో ఉన్నది టేప్ రికార్డరు.

"ఇది కుట్టు మిషను కాదు కదమ్మా" అంది అక్క.

"తెలుసండి. లోపల బెల్టు తెగింది. ఊరంతా తిరిగాను. ఎవర్ని అడిగినా మ్యూజియంలో పెట్టుకోమంటున్నారు."

"నన్ను కూడా అక్కడే పెట్టమంటారు. ఇలా ఇవ్వు."

"క్యాసెట్టు లోపలే ఇరుక్కుందండి. జాగ్రత్తండీ, అలాంటిది ఇంకొకటి దొరకదు."

అక్క నాలుగు స్క్రూలు విప్పి, మూత తీసి, పట్టకారుతో టేపు మెలిక విడదీసి, క్యాసెట్టు బయటికి తీసింది. దాని మీద నీలం ఇంకుతో గుండ్రటి అక్షరాలు: నాలుగో అంతస్తు. తన రాతే. అలాంటివి మూడు వందలు రాసింది ఆ రోజుల్లో. క్యాసెట్టుని అక్షరాలు కనపడకుండా బోర్లా పెట్టింది. అమ్మాయి అది చూడలేదు, తన ధోరణిలో తాను చెప్పుకుపోతోంది.

"ఎవరో ఇల్లు ఖాళీ చేస్తూ అట్టపెట్టెడు క్యాసెట్లు ఇచ్చి పోయారు. అందులో దొరికింది. రాక్ బ్యాండు అండీ, ఎనభైల్లోది. ఒక్కటే క్యాసెట్టు చేసి మాయమైపోయారు. నెట్‌లో పెట్టామా, లక్షా చిల్లర మంది విన్నారు. అందరిదీ ఒకటే ప్రశ్న. ఆ పాడిన పిల్ల ఎవరు, ఇప్పుడెక్కడుంది అని."

"పిల్లా?"

"అవునండి. పదిహేనో పదహారో ఉంటాయేమో అప్పటికి. ఏం గొంతండీ అది. ఒకాయనైతే పాపం ఆ పిల్ల చిన్నతనంలోనే చనిపోయిందని రాసేశాడు. దాని కింద మూడు వందల మంది ఏడ్చారు."

చనిపోయిన ఆ పిల్ల నిన్న సాయంత్రమే ఈ స్టూలు మీద కూర్చుని, మోకాలి నొప్పి గురించి గంటసేపు మాట్లాడి, బైండింగుకి పనికొచ్చే లావు సూదులు నాలుగు పట్టుకుపోయింది. ఆ సంగతి అక్క చెప్పలేదు. మేకు మీంచి సన్నటి బెల్టొకటి తీసి, కప్పీకి తొడిగి, వేలితో మీటి చూసింది.

"వచ్చే నెల గ్రామఫోను రికార్డు వేస్తున్నాం" అంది అమ్మాయి. "ఇరవయ్యో తారీకున అట్ట ప్రెస్సుకి వెళ్తుంది. పాడినవారి పేరు దగ్గర 'తెలియని బాలిక' అని వేద్దామనుకుంటున్నాం. బాగుంది కదండీ?"

"రికార్డరు శుక్రవారం దాకా ఇక్కడ ఉండనీ. మోటారు సంగతి కూడా చూడాలి" అంది అక్క. మోటారుకి ఏ జబ్బూ లేదు.

అమ్మాయి వెళ్ళాక షట్టరు సగం దించి, క్యాసెట్టు పెట్టి మీట నొక్కింది. 'గొడుగు లేనివాళ్ళు' అన్న పాట. చేతి గడియారం చూస్తూ విన్నది. సరిగ్గా నాలుగు నిమిషాలకి అయిపోయింది. అది నాలుగున్నర నిమిషాల పాట.

ఆ అర నిమిషం ఎటు పోయిందో లోకంలో ఆవిడ ఒక్కదానికే తెలుసు.

అప్పుడు అక్కకి ఇరవై ఒకటి. క్యాసెట్లు కాపీ చేసే షాపులో పని. పొద్దున్నే తాళం తీసేది ఆవిడే, కాబట్టి తాళం చెవి ఆవిడ దగ్గరే ఉండేది. అన్నయ్యకి ఇరవై నాలుగు. అన్నయ్యా, గిటారు వాయించే స్నేహితుడూ, డ్రమ్ముల స్నేహితుడూ కలిసి బ్యాండు పెట్టారు. మూడంతస్తుల మేడ పైన డాబా మీద సాధన చేసేవాళ్ళు కాబట్టి దానికి నాలుగో అంతస్తు అని పేరు. కింద వాళ్ళు చీపురు కర్రతో కప్పు పొడిస్తే ఆ దెబ్బలు కూడా పాటలో కలుపుకునేవాళ్ళు. అన్నయ్యది బరువైన గొంతు. అతను పాట ఎత్తుకుంటే నీళ్ళ ట్యాంకు మూత సన్నగా అదిరేది.

పాటలు తయారయ్యాయి. రికార్డు చేయించుకునే స్తోమత లేదు. షాపు యజమాని మంచివాడే. "టేపు తెచ్చుకుంటే కాపీలు నేను చేసిస్తాను" అన్నాడు. ఆ టేపు ఎక్కడ తయారు చెయ్యాలన్నదే చిక్కు. అక్క ఒక ఆదివారం, షాపుకి సెలవు రోజున, తాళం తీసి ముగ్గురినీ లోపలికి రానిచ్చింది. కిటికీలకి పరుపులు అడ్డం పెట్టారు. లోపలున్న పెద్ద టేప్ మిషనుకి బెల్టు వదులైంది. సోమవారం మెకానిక్కు వస్తాడు, అందాకా దాన్ని ముట్టుకోవద్దని యజమాని చెప్పే ఉన్నాడు. అక్క దాన్ని వేలితో నొక్కి చూసింది. తిరుగుతూనే ఉంది కదా అనుకుంది.

పాటలు టేపు మీదికి ఎత్తారు. ఏ పాట ఎంతసేపు పట్టిందో అక్క గడియారం చూసి టేపు డబ్బా మీద రాసింది. 'గొడుగు లేనివాళ్ళు', నాలుగు నిమిషాల ముప్పై సెకన్లు. తరవాత అన్నయ్య పరుపులు ఇంటికి చేరవేస్తుండగా, మిగతావాళ్ళు అదే మిషను మీద ఒక పాట వేసుకుని విన్నారు. అన్నయ్య గొంతు అన్నయ్య గొంతులాగే ఉంది. గిటారతను అక్క రెండు చేతులూ పట్టుకుని గిరగిరా తిప్పేశాడు.

మర్నాడు మెకానిక్కు వచ్చి కొత్త బెల్టు వేసి పోయాడు. మధ్యాహ్నం అక్క ఆ టేపు పెట్టి కాపీలు మొదలుపెట్టింది. పాట నాలుగు నిమిషాలకే ఆగిపోయింది. తన గడియారం పాడైందేమోనని గోడ గడియారం చూసింది. రెండో పాట పెట్టి చూసింది. అదీ అంతే. అప్పుడు అర్థమైంది. నీరసంగా తిరిగే మిషను మీద ఎత్తిన పాటని సరిగ్గా తిరిగే మిషను మీద పెడితే అది పరుగు తీస్తుంది. పరుగుతో పాటు గొంతూ సన్నబడుతుంది. ఆపుదామంటే, సెలవు రోజున తాళం తీసిందీ, ముట్టుకోవద్దన్న మిషను ముట్టుకున్నదీ అన్నీ చెప్పుకోవాలి. ఇంట్లో తనూ, అన్నయ్యా, వాళ్ళమ్మా. నెల తిరిగేసరికి జీతం తెచ్చేది అప్పటికి తనొక్కతే. అర నిమిషమే కదా, ఎవరు పట్టుకుంటారులే అనుకుంది. మూడు వందలూ చేసేసింది.

ఎవరూ పట్టుకోలేదు, నిజమే. గిటారతను క్యాసెట్టుతో కలిపి వాయించబోతే శ్రుతి కలవలేదు. తన గిటారే దిగిపోయిందనుకుని తీగలు బిగించుకున్నాడు. డ్రమ్ములతను పాట అంత జోరుగా సాగడం విని, "ఆ రోజు నాకు పూనకం వచ్చిందిరా" అని ఊరంతా చెప్పుకున్నాడు. అన్నయ్య మాత్రం మొదటిసారి విని మొహం అదోలా పెట్టాడు.

"ఇది నేనా?" అన్నాడు.

షాపు యజమాని నవ్వాడు. "ఎవరి గొంతు వాళ్ళకి తెలీదయ్యా. మొదటిసారి విన్న ప్రతివాడూ ఇదే మాటంటాడు. మిషను అబద్ధం చెప్పదు."

అక్క పక్కనే నిలబడి ఉంది.

వారం తరవాత బస్టాపులో ఎవరో, "ఆ క్యాసెట్లో చిన్నపిల్ల భలే పాడిందిరా" అనడం అన్నయ్య చెవిని పడింది. ఇంటికొచ్చి తలుపేసుకుని అదే పాట ఏడుసార్లు విన్నాడు. మూడు రోజుల్లో టౌన్‌హాల్లో కచేరీ పెట్టుకుని, "నాకు రాదు, ఇన్నాళ్ళూ నాకే తెలీలేదు" అని మానేశాడు. ఇద్దరు స్నేహితులూ బతిమాలారు, తిట్టారు, చివరికి ఎవరి దారిన వాళ్ళు పోయారు. అన్నయ్య పుస్తకాలు బైండింగు చేసే పనిలో చేరాడు. జిగురూ, దారమూ, అట్టా. నోరు విప్పక్కర్లేని పని. ఫోను మోగితే వదిన చేతికిచ్చేవాడు. ఎవరింట్లో వేడుకైనా నలుగురూ పాటందుకుంటే అతను చెప్పులు వెతుక్కునేవాడు.

అది తలుచుకుంటూ అక్క ఆ వారమంతా పని చేసింది. ఒకావిడ మిషనుకి తప్పు బెల్టు తొడిగి పంపించింది. ముప్పై ఏళ్ళలో అలా జరగడం అదే మొదలు. తను నోరు మూసుకుంటే అన్నయ్య పేరు ఇక ఆ పాట దరిదాపుల్లో ఎక్కడా ఉండదు. ఎవరో తెలియని బాలికది అయిపోతుంది, అట్ట మీద అచ్చుతో సహా. నోరు విప్పితే ఉన్న ఒక్క అన్నయ్యా దక్కుతాడో లేదో. శుక్రవారం ఆ అమ్మాయికి ఫోను చేసి, మోటారు పని ఇంకా మిగిలే ఉందని చెప్పింది.

ఆదివారం మధ్యాహ్నం టేప్ రికార్డరు సంచిలో పెట్టుకుని అన్నయ్య ఇంటికి వెళ్ళింది. అన్నయ్య ముందుగదిలో చాప మీద కూర్చుని ఎవరిదో పాత నిఘంటువుకి వీపు అతికిస్తున్నాడు.

"ఏంటే బుల్లీ, ఎండలో పడి వచ్చావు. సూదులు బాకీ ఉన్నానని వసూలుకొచ్చావా?"

"ఒకటి వినిపిస్తాను. ఆపమనకు."

మీట నొక్కింది. రెండు మాటలు వినపడ్డాయో లేదో అన్నయ్య చెయ్యి చాచాడు. "ఆపు."

"ఒక్క నిమిషం ఓర్చుకో అన్నయ్యా."

మోటారు వెనక వేగం సరిచూసుకోవడానికి చిన్న కన్నం ఉంటుంది. అక్క అందులోకి సన్నటి స్క్రూడ్రైవరు దూర్చి తిప్పడం మొదలుపెట్టింది. పాట నెమ్మదించింది. ఆ పిల్ల గొంతు ఒక్కొక్క మెట్టే దిగుతూ వచ్చింది. ఒక మెట్టు దగ్గర అక్క చెయ్యి ఆపేసింది.

వదిన తడిచేతులు కొంగుకి తుడుచుకుంటూ వంటింట్లోంచి వచ్చింది. "నన్నెందుకు పిలిచారు?" అంది భర్తతో. అతను పిలవలేదు. నోరు మూసుకునే ఉన్నాడు. వదిన టేప్ రికార్డరు వైపు చూసింది, మళ్ళీ భర్త వైపు చూసింది. "అదేంటి, మీ గొంతు అందులోంచి వస్తోంది?"

పాట పూర్తయింది. తరవాత అక్క చెప్పింది. ఆదివారం తాళం తీసిన దగ్గర్నుంచి డబ్బా మీద రాసిన నాలుగున్నర నిమిషాల దాకా, ఏదీ దాచకుండా. చెప్పడానికి పట్టుమని పది నిమిషాలు పట్టలేదు.

"నీకెప్పుడు తెలుసు?" అన్నాడు అన్నయ్య.

"ఆ మర్నాడే."

"మర్నాడే." జిగురు డబ్బాకి మూత పెట్టి, అది సరిగ్గా పడిందో లేదో అరచేత్తో నొక్కి చూశాడు. "పాప పుట్టినప్పుడు మీ వదిన జోల పాడమంది. నీళ్ళు తెస్తానని చెప్పి బయటికెళ్ళిపోయాను."

"అన్నయ్యా, రికార్డు అట్ట మీద నీ పేరు వెయ్యమని చెప్పనా? ఇరవయ్యో తారీకు లోపల చెప్పాలి."

అతను లేచి లోపలి గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకున్నాడు. వదిన అక్కని బస్సు దాకా దిగబెట్టింది. దారిలో ఒక్కటే అంది. "పాడటం వచ్చిన మనిషిని చేసుకున్నానన్నమాట. ఈ సంగతి ఇన్నేళ్ళకా తెలియడం."

టేప్ రికార్డరు అక్కడే ఉండిపోయింది. అన్నయ్య ఆ తరవాత షాపు వైపు రాలేదు. అక్క ఫోను చేస్తే వదినే ఎత్తేది.

"ఏమంటున్నాడు వదినా?"

"ఏమీ అనడు. నీ పేరెత్తితే కత్తెర కోసం వెతుకుతాడు. కానీ అమ్మాయ్, స్నానాల గదిలో అరగంట ఉంటున్నాడు. నీళ్ళ చప్పుడు అయిదు నిమిషాలే. మిగతా ఇరవై అయిదూ ఏదో గొణుగుడు. నేను తలుపు దగ్గరికెళ్తే ఆగిపోతుంది. అందుకని వంటింట్లోంచే వింటున్నాను."

పద్ధెనిమిదో తారీకున అన్నయ్య ఉతికిన చొక్కా తొడుక్కుని ఒక్కడే లైబ్రరీకి వెళ్ళాడు. "మీరు వెతుకుతున్న బాలికని నేనే" అన్నాడట. ఆ అమ్మాయి ముందు నవ్విందట, తరవాత కుర్చీ వేసిందట, తరవాత ఏడ్చేసిందట. ఇవన్నీ అక్కకి వదిన ద్వారా తెలిశాయి. అట్ట మీద పేరు మారింది. రికార్డుకి రెండో వైపున ఆ పాటనే ఇప్పుడు మళ్ళీ పాడి వెయ్యాలని లైబ్రరీ అమ్మాయి పట్టుబట్టింది. స్నేహితులిద్దరూ ఊళ్ళోనే ఉన్నారు. గిటారతను కట్టుడు పళ్ళు తయారుచేస్తాడు, అందరూ పళ్ళాయన అంటారు. డ్రమ్ములతను డ్రైవింగు స్కూల్లో నేర్పిస్తాడు. లైబ్రరీ కింద, పాత పేపర్ల కట్టలుండే గదిలో రోజూ మధ్యాహ్నం సాధన మొదలైంది.

నాలుగో రోజున వదిన ఫోను చేసింది. "నిన్ను రమ్మంటున్నారు."

"అన్నయ్యా?"

"గడియారం ఉన్నదాన్ని రమ్మను అన్నారు. అది నువ్వే కదా."

అక్క షట్టరు దించి వెళ్ళింది. మెట్లు దిగుతుండగానే అరుపులు వినిపించాయి.

"ఊరందరికీ నెమ్మది నెమ్మది అని నేర్పుతావు, నీ చేతికి మాత్రం బ్రేకు లేదు" అంటున్నాడు పళ్ళాయన.

"నీ తీగలు ముందు దించరా బాబూ. అంత పైన ఎవడు పాడతాడు, మీ మనవరాలా?" అన్నాడు డ్రమ్ములతను.

"దించితే అది ఈ పాటలా లేదురా."

సంగతేమిటంటే ఇద్దరూ ఇన్నేళ్ళూ ఆ క్యాసెట్టునే వింటూ, దాంతోనే కలిపి వాయించుకుంటూ వచ్చారు. అసలు పాట వాళ్ళ చేతుల్లోంచి ఎప్పుడో పోయింది. లైబ్రరీ అమ్మాయి కంప్యూటర్లో సరైన వేగం పెట్టి వినిపిస్తే సరే అంటారు. వాయించడం మొదలుపెట్టగానే చేతులు మళ్ళీ పరుగెత్తుతాయి. అన్నయ్య ఆ పరుగు అందుకోలేక మధ్యలో ఆగిపోతాడు. నాలుగు రోజులుగా ఇదే వరస.

అక్క లోపలికి వచ్చింది. అన్నయ్య ఆవిడ మొహంలోకి చూడలేదు. మైకు తీగ సర్దుతూ, "ఆ రోజు అక్కడ గడియారం పట్టుకుని నిలబడింది నువ్వొక్కదానివే" అన్నాడు. ఇరవై ఒక్క రోజుల తరవాత మొదటి మాట. "వీళ్ళకి దారి చూపించు."

అక్క ఒక పాత పేపర్ల కట్ట మీద కూర్చుంది. గడియారం విప్పి ఒళ్ళో పెట్టుకుంది. అయిదు సెకన్లకి ఎనిమిది దెబ్బలు. పెన్సిలుతో ఖాళీ రేకు డబ్బా మీద కొట్టడం మొదలుపెట్టింది. డ్రమ్ములతను కాసేపు విన్నాడు.

"ఇంత నెమ్మదా?"

"ఇంతే బాబూ. నీకు పూనకం ఎప్పుడూ రాలేదు. బెల్టు వదులైంది, అంతే."

పళ్ళాయన పగలబడి నవ్వాడు. డ్రమ్ములతనికి మొదట కోపం వచ్చింది, తరవాత అతనికీ నవ్వాగలేదు. పళ్ళాయన తీగలు రెండు మెట్లు దించాడు. డబ్బా చప్పుడుకి కర్రలు కలిశాయి, కర్రలకి గిటారు కలిసింది. ఒకసారి తప్పారు. రెండోసారి పల్లవి దాకా వెళ్ళి తప్పారు. మూడోసారి అన్నయ్య కళ్ళు మూసుకుని ఎత్తుకున్నాడు.

వయసు ఎక్కడికి పోతుంది, గొంతు ముసలిదై ఉంది. రెండు చోట్ల జీర వచ్చింది, ఒకచోట ఊపిరి చాలలేదు. కానీ గొంతు అతనిది. చరణం మధ్యలో లైబ్రరీ అమ్మాయి టేబుల్ మీద గాజు గ్లాసు సన్నగా అదిరితే, ఆ అమ్మాయి దాన్ని చేత్తో పట్టుకుంది.

రెండో చరణానికి వచ్చేసరికి అక్క పెన్సిలు ఎత్తేసింది. వేగం చెదరలేదు. ముగ్గురూ ఆవిణ్ణి చూడడం మానేశారు, ఒకరినొకరు చూసుకుంటున్నారు. పాట ముగిసింది. గడియారం నాలుగు నిమిషాల ముప్పై రెండు సెకన్లు చూపించింది.

"ఇంకోసారి" అన్నాడు అన్నయ్య, ఎవరి వైపూ చూడకుండా. "ఈసారి రెండో చరణం ముందు కాస్త ఊపిరి తీసుకోనియ్యండ్రా."

"నీ ఊపిరి కోసం ఆగితే తెల్లారిపోతుంది" అన్నాడు డ్రమ్ములతను.

"మేం ముసలాళ్ళం కాదా ఏంటి, వీడొక్కడేనా?" అన్నాడు పళ్ళాయన.

వాళ్ళు ఎక్కడ ఆగాలి, ఎంతసేపు ఆగాలి అని వాదులాటలో పడ్డారు. అన్నయ్య చేతులు తిప్పుతూ, పాడి చూపిస్తూ, పళ్ళాయన మీద అరుస్తూ ఉన్నాడు. అక్క గడియారం చేతికి కట్టుకుంది. చెప్పి వెళ్దామని ఒక అడుగు వేసింది కూడా. ఈలోగా డ్రమ్ము కర్రలు నాలుగు దెబ్బలు వేశాయి, పాట మళ్ళీ మొదలైంది. ఆవిడ సంచి అందుకుని గోడవారగా నడిచి, స్ప్రింగు తలుపు తీసి బయటికొచ్చింది. అది ధడాలున పడకుండా వెనక్కి తిరిగి చేత్తో పట్టుకుని, మెల్లగా మూసి, మెట్లెక్కి వెళ్ళిపోయింది.